గుండుకి ఊరి దండం, క్రాపుకి సిటీ మెప్పు

తలనీలాలు ఇచ్చిన ఆడవాళ్లు మనకి కొత్త కాదు. తిరుమలలో సరే, యాదగిరిగుట్టలో, వేములవాడలో ఏ రోజు చూసినా కనిపిస్తారు. అందుకే నేను ఇస్తున్నప్పుడు కూడా ఇదేమంత పెద్ద విషయం అనుకోలేదు. ఆ తర్వాత ఏడాది పైగా జగ్గయ్యపేట దగ్గరున్న మా అత్తగారి ఊరికీ, హైదరాబాద్‌కీ మధ్య తిరుగుతూ చూసింది మాత్రం నేను ఊహించనిది. గుండు ఉన్నన్నాళ్లూ ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది, సిటీ చూపు తిప్పుకుంది. జుట్టు పెరిగి క్రాపు అయ్యేసరికి సిటీ మెచ్చుకుంది, ఊరు మొహం ముడుచుకుంది. ఉద్యోగం గుర్తొచ్చి మొక్కు వాయిదా వేసుకుంటున్న ఆడవాళ్లు చాలామంది నన్ను వివరాలు అడిగారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొక్కు మా ఆయన కోసం. విజయవాడ హైవే మీద కారు యాక్సిడెంట్ అయి తొడ ఎముక విరిగింది, తలకి దెబ్బ తగిలింది. ఐసీయూ బయట కూర్చున్న ఒక రాత్రి, ఆయన లేచి తన కాళ్ల మీద తిరుమల కొండకి వస్తే నా జుట్టు మొత్తం ఇస్తానని మొక్కుకున్నాను. నాది నడుం దాటిన జడ. చిన్నప్పటి నుంచీ నన్ను గుర్తుపట్టేది దాంతోనే. ఇవ్వడానికి నా దగ్గర అంతకన్నా విలువైనది ఇంకేమీ తోచలేదు.

ఆయన కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఇంట్లో మాట కదిలింది. మా పెద్దత్తయ్య, అంటే మా అత్తగారి అక్క, వెంటనే అడ్డం పడ్డారు. "ముత్తైదువ పూర్తిగా ఇవ్వకూడదమ్మా, మూడు కత్తెర్లు ఇస్తే చాలు" అన్నారు. చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే ఇది. ఆవిడ పైకి అనలేదు గానీ ఆ మాట వెనక ఏముందో మాకు తెలుసు. భర్త పోయిన ఆడదాని తల గొరిగించే ఆచారం ఒకప్పుడు కొన్ని కులాల్లో గట్టిగా ఉండేది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్నేళ్లయినా, ఆడదాని గుండు చూస్తే పెద్దవాళ్ల మనసులో ఆ పాత నీడ ఒకసారి కదులుతుంది.

మా అత్తగారు మాత్రం ఒకే మాట అన్నారు. "నా కొడుకు ప్రాణం కోసం మొక్కింది అక్కా. పూర్తిగానే ఇస్తుంది." ఇంక ఎవరూ నోరెత్తలేదు.

కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు సగం బ్లేడు ఇచ్చారు. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారు. నాకు చేసినావిడ ముందు నా జడ విప్పించి, జుట్టుని రెండు పాయలుగా తీసి గట్టిగా ముళ్లు వేసింది. తల బాగా తడిపి, "గోవిందా అనుకో తల్లీ" అని నడినెత్తి నుంచి మొదలుపెట్టింది. నేను ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. బ్లేడు తగిలిన చోటల్లా గాలి తెలిసింది. అంతవరకూ నా తలకి గాలి తగలడం అంటే ఏంటో నాకు తెలియదని అప్పుడే అర్థమైంది. రెండు ముళ్లూ ఒళ్లో పడ్డప్పుడు వాటి బరువు చూసి ఆశ్చర్యపోయాను, ఇన్నేళ్లూ ఇంత మోశానా అని. అవి తీసి పక్కన వేసేసి "తర్వాత" అంది ఆవిడ. దేవస్థానం వాళ్లు ఆ జుట్టుని పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలం వేస్తారు. పొడుగుది విగ్గులకీ, సవరాలకీ పోతుంది. నా జడ ఇప్పుడు ఎవరి తల మీద ఉందో అని అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను.

పక్కనే మా ఆయన కూడా ఇచ్చారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కొండ దిగి నేరుగా ఊరికే వెళ్లాం, సమారాధన చెయ్యాలని. ఆటో దిగేసరికి అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లు లేచి నిలబడి నాకు దండం పెట్టారు. నాకన్నా రెట్టింపు వయసువాళ్లు. వద్దు తాతయ్యా అంటే, "నీక్కాదమ్మాయ్, ఆ స్వామికి" అన్నారు. ప్రసాదం పంచడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న, "మొక్కు తీరిందా? బాబు బాగా నడుస్తున్నాడా?" ఒక్కరంటే ఒక్కరు కూడా బాగున్నావనీ అనలేదు, బాగాలేవనీ అనలేదు. అసలా లెక్కే వాళ్లకి రాలేదు. పిల్లలు తల తడిమి చూస్తామన్నారు, చూడనిచ్చాను.

ఆ కొద్దిరోజుల్లో నేను ఊరిని కొంచెం కొత్తగా చూశాను. మా వైపు పత్తి తియ్యడానికి, మిరపకాయలు కొయ్యడానికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు, తలకి తువ్వాలు చుట్టుకుంటారు. ఎండ తగలకుండా, మిరప మంట అంటకుండా. ఆ వేషంలో ఆవిడ ఎలా ఉందని ఎవరూ చూడరు, పని కోసం వేసుకుందని అందరికీ తెలుసు. అదే మనిషి పెళ్లికి మెడలో ఉన్నది పెట్టుకోకుండా వస్తే మాత్రం వెంటనే అడుగుతారు, గొలుసు ఏమైందీ, తాకట్టు పెట్టారా అని. ఊరు కనిపించేదాని వెనక కారణం వెతుకుతుంది. నా గుండుకి కారణం ఊరందరికీ తెలుసు, పైగా అది గొప్ప కారణం. అందుకే అక్కడ నేను అద్దంలో చూసుకోవడమే మర్చిపోయాను.

శ్రావణ మాసంలో మళ్లీ వెళ్లాను. వరలక్ష్మీ వ్రతం పేరంటాలు. అప్పటికి తల నల్లగా మొలకలేస్తోంది, చెయ్యి వేస్తే గరుకు కాగితంలా ఉండేది. ఒక ఇంట్లో అందరికీ కాళ్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, వాయనం ఇచ్చి, తలలోకి మల్లెపూలు ఇస్తున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ ఇల్లాలి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏం చేస్తుందా అని చూస్తున్నారు. ఆవిడ ఆ దండలో ఒక ముక్క తుంపి, నా మెడలో నల్లపూసలకి చుట్టి ముడేసింది. "ఎవరి కోసం ఇచ్చావో వాళ్ల దగ్గరే ఉండనీ" అంది. పెద్దత్తయ్య అక్కడే ఉన్నారు. ఆ రోజు తర్వాత ఆవిడ మళ్లీ నా గుండు మాట ఎత్తలేదు.

ఇక హైదరాబాద్.

నాది గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో క్లయింట్లతో మాట్లాడే ఉద్యోగం. మొదటిరోజు ఫ్లోర్ మీదకి వెళ్లగానే అందరి మాటలూ ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అడగలేదు. అడక్కపోవడం మర్యాద అని సిటీలో మనకి మనమే నేర్పించుకున్నాం. కానీ అడగనివాళ్లు ఊరికే ఉండరు, వాళ్లంతట వాళ్లే ఏదో ఒకటి ఊహించుకుంటారు. మధ్యాహ్నానికల్లా నాకు క్యాన్సర్ అని రెండు టీముల్లో మాట పాకింది. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పై అంతస్తు ఆవిడ గొంతు తగ్గించి, "ధైర్యంగా ఉండండి, ఇప్పుడన్నిటికీ మందులున్నాయి" అంది. మియాపూర్ నుంచి అమీర్‌పేట వచ్చే మెట్రోలో కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. వద్దమ్మా, నాకేం కాలేదు, తిరుపతి వెళ్లొచ్చాను అంటే, ఆ పిల్ల సిగ్గుపడి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. అంతా మంచి మనసుతో చేసినవే, కాదనను. కానీ రోజంతా జాలి చూపుల మధ్య తిరిగితే, ఏ జబ్బూ లేనిదానికి సాయంత్రానికి నిజంగానే నీరసం వచ్చేది.

మా ఆయన ఆఫీసులోనూ గుండుతోనే ఉన్నారు కదా. ఆయన్ని అడిగింది ఒకటే, "లడ్డూ ఏదీ?" అని.

నన్ను బాగా బాధపెట్టింది మా మేనేజర్ మాట. "కొన్నాళ్లు క్లయింట్ మీటింగ్‌లు వేరేవాళ్లు చూసుకుంటారులే, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నారు. నాకు రెస్ట్ అవసరం లేదు సర్, ఆరోగ్యం బాగుంది అన్నాను. "అది కాదు, వాళ్లు కంఫర్టబుల్‌గా ఉండాలి కదా" అన్నారు. ఏళ్ల తరబడి ఆ క్లయింట్లతో నేనే మాట్లాడుతున్నాను. నా పని వాళ్లకి తెలుసు, నా గొంతు తెలుసు. అయినా నా తల చూస్తే వాళ్లకి ఇబ్బందట. ఇది ఆయన ఒక్కరి తప్పని అనను. సిటీలో రోజూ మనకి ఎదురయ్యేవాళ్లలో నూటికి తొంభైమందికి మనం ఎవరమో తెలియదు. ఎవరి కూతురివి, ఏం జరిగింది అని అడిగే తీరిక ఉండదు. అరనిమిషంలో కంటికి కనిపించినదాన్ని బట్టి లెక్క వేసేసుకుంటారు. ఆ అరనిమిషం కోసమే పార్లర్లు, రంగులు, ఇస్త్రీలు. అందుకే కంపెనీలు కూడా కనిపించేదాన్ని పనిలో భాగం చేశాయి. నాకు కారణం అర్థమైంది, కోపం మాత్రం పోలేదు.

అయితే సిటీ అంతా ఒకటే కాదు. మా వాచ్‌మన్‌ది మహబూబ్‌నగర్ వైపు. గేటు దగ్గరే "తిరుపతి పోయొచ్చిన్రా అమ్మా, సారుకి మంచిగైందా?" అని అడిగాడు. రైతుబజార్లో ఆకుకూరలమ్మే ఆవిడ కొత్తిమీర కట్ట కొసరు వేసి, ప్రసాదం తెచ్చిపెట్టమంది. హైదరాబాద్‌లోనే ఉన్నా వాళ్లు ఊరి కళ్లతోనే చూస్తారు. గ్లాసు తలుపుల లోపలికి వెళితేనే ఆ కళ్లు మారతాయి.

ఇంకో సంగతి చెప్పాలి. వేరే టీమ్‌లో పనిచేసే ఒక అమ్మాయి వాష్‌రూమ్‌లో నన్ను ఆపి, బ్యాగులోంచి మెత్తటి కాటన్ స్కార్ఫ్ తీసి ఇచ్చింది. వాళ్లమ్మగారిదట, కీమో సమయంలో కట్టుకున్నది. నాకు జబ్బు లేదని చెప్పగానే ఆ అమ్మాయి నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. తర్వాత క్యాంటీన్‌లో కూర్చుని చెప్పింది. వాళ్లమ్మగారు హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ జుట్టు లేదని బాల్కనీలోకి కూడా రాలేదట. కీమోకీ కీమోకీ మధ్య అమలాపురం దగ్గర తమ్ముడింటికి తీసుకెళ్తే, చూసినవాళ్లంతా తిరుపతి వెళ్లొచ్చిందనుకున్నారట. ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. హాయిగా అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్లతో కబుర్లు చెప్పిందట. ఊళ్లో అందరూ గుండుకి అంతగా అలవాటు పడ్డారు కాబట్టి, ఆ అలవాటు నీడలో జబ్బుపడ్డ ఆడది కూడా కాసేపు తలెత్తుకుని కూర్చోగలిగిందన్నమాట. ఆ స్కార్ఫ్ నాకే ఉంచేసుకోమంది. ఎండలో బండి మీద వెళ్లేటప్పుడు కట్టుకునేదాన్ని.

జుట్టు పెరగడం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. నెలకి సుమారు అర అంగుళం వస్తుంది, అంతకన్నా తొందరపెట్టే నూనె ఏదీ లేదు. మొదటి వారాల్లో ఎండ నేరుగా మాడుకి తగులుతుంది, గుడ్డ కప్పుకోవడం మంచిది. రాత్రిళ్లు కొబ్బరినూనె రాస్తే దురద తగ్గుతుంది. తర్వాత ముందువైపు జుట్టు నిక్కబొడుచుకుని నిలబడే దశ ఒకటుంది, అది కొంచెం ఓపికతో దాటాలి. మెడ మీద పెరిగింది మధ్యలో ఒకసారి కత్తిరించుకుంటే తల చూడ్డానికి నీటుగా ఉంటుంది.

నేను మెడ మీది జుట్టు కత్తిరించుకోవడానికే సెలూన్‌కి వెళ్లాను. దసరా దాటింది. ఆ అబ్బాయి "మేడమ్, పిక్సీ కట్‌లా షేప్ చేస్తాను" అన్నాడు. సరే అన్నాను. మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టానో లేదో, "వావ్, భలే సూట్ అయింది", "పదేళ్లు తగ్గిపోయావ్" అంటూ చుట్టూ చేరారు. కొన్ని నెలల క్రితం చూపు తిప్పుకున్నవాళ్లే ఎక్కడ చేయించుకున్నావని అడిగారు. క్లయింట్ మీటింగ్‌లు నాకు తిరిగి వచ్చేశాయి, ఎవరూ ఏమీ చెప్పకుండానే. కంపెనీ బ్రోషర్ కోసం ఫొటో తీస్తామని కూడా అడిగారు, నేనే వద్దన్నాను. మెప్పు బాగానే ఉంటుంది, ఎవరికుండదు? కానీ ఆ గుండే ఇలా పెరిగిందని గుర్తున్నవాళ్లు అక్కడ ఒక్కరూ లేరని తెలిసి మనసు చివుక్కుమంది. నేను మొక్కిన మొక్కు వాళ్ల లెక్కలో ఎప్పుడూ లేదు.

సంక్రాంతికి ఊరెళ్లాను. అప్పటికి జుట్టు చెవుల మీదకి వచ్చింది. నాకు ఆ క్రాపు అలవాటై బాగా నచ్చింది కూడా. తలస్నానం చేసి తువ్వాలుతో తుడిస్తే పావుగంటలో ఆరిపోతుంది. అత్తగారింటి గుమ్మంలో అడుగుపెట్టగానే మొదలైంది. "ఇదేంటమ్మాయ్, మగరాయుడిలా?" "స్వామికిచ్చావు, మంచిదే. మళ్లీ కత్తిరించుకోవడం దేనికి?" జూలైలో నాకు దండం పెట్టిన అరుగు మీద నుంచే "పట్నం పోకడ" అనే మాట వినపడింది. అసలు గుండు కన్నా ఇప్పుడే ఎక్కువ జుట్టుంది కదా అంటే ఎవరికీ ఎక్కలేదు. వాళ్ల దృష్టిలో గుండు స్వామిది, క్రాపు నాది. కారణం ఉన్నంతవరకు ఊరు ఏ రూపాన్నైనా ఒప్పుకుంటుంది. నాకిలా ఇష్టం అనేది మాత్రం ఊరికి కారణం కాదు, అందులోనూ కోడలికి.

పండగ వెళ్లగానే మా ఆడపడుచు కూతురికి పెళ్లిచూపులు పెట్టుకున్నారు. అబ్బాయి వైపువాళ్లు వచ్చేముందు అత్తయ్య బీరువాలోంచి ఒక పాత సవరం తీశారు. ఆవిడ సొంత జుట్టే అది. తల దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు చుట్టలు చుట్టి గోడ సందుల్లో దాచి, సవరాలు కట్టేవాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు కట్టించుకున్నారట. అలా దాచిన వెంట్రుకలకి స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ మా ఊరికి వస్తారు. "ఒక్క పూటే పెట్టుకో అమ్మా. నిన్ను చూసి ఈ ఇంటి ఆడపిల్లలు ఇలాగే ఉంటారనుకుంటే సంబంధం తప్పుతుంది" అన్నారు.

నాకు కష్టంగా అనిపించింది. సిటీలో మేనేజర్ అన్నదీ ఇదేగా, చూసేవాళ్లు ఇబ్బంది పడకూడదని. ఇక్కడ తేడా ఒక్కటే. అక్కడ కంపెనీ పరువు, ఇక్కడ ఇంటి పరువు. ఊరు రూపాన్ని పట్టించుకోదని, అమాయకంగా ఉంటుందని రాసేవాళ్లని చూస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పల్లెలో ఆడదాని జడ, బొట్టు, గాజులు ఆవిడవి కావు, ఇంటివి. అవి సరిగా ఉన్నాయో లేదో చూసే హక్కు వీధిలో అందరికీ ఉంటుంది, నోటితో చెప్పే హక్కు కూడా. ఈ ఒక్క విషయంలో నాకు సిటీ మీదే మనసు లాగుతుంది. అక్కడ బొట్టు లేకపోయినా నన్ను ఆపి అడిగేవాళ్లు లేరు.

అయినా సవరం పెట్టుకున్నాను, ఆ పిల్ల కోసం. అంత చిన్న జుట్టుకి అది నిలవదు. అత్తయ్య నల్లదారంతో నాలుగు చోట్ల కట్టి, పిన్నులు గుచ్చి, పైన పూలదండ చుట్టి దాచారు. పెళ్లిచూపులు అయ్యాక ఆవిడతో నిదానంగా మాట్లాడాను. నేను జుట్టు పొడుగ్గా పెంచనత్తయ్యా, భుజాల దాకా ఉంచుకుంటాను, నాకు ఇదే హాయిగా ఉంది, మళ్లీ ఆ బరువు మోయాలని లేదు అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. సవరం మడిచి బీరువాలో పెడుతూ, "పెళ్లిళ్లకి పిలక కట్టుకునేంత ఉంచు, చాలు" అన్నారు. మా ఇద్దరి మధ్య ఒప్పందం అదే. ఇప్పటికీ నడుస్తోంది.

ఈమధ్య మా తోటికోడలు విజయవాడ నుంచి ఫోన్ చేసింది. కూతురి ఆపరేషన్ బాగా జరిగితే తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట, ఆపరేషన్ బాగా జరిగింది. తనది షోరూమ్‌లో ఉద్యోగం. "అక్కా, మూడు కత్తెర్లు ఇవ్వనా, పూర్తిగా ఇవ్వనా?" అంది. మొక్కింది ఏదైతే అదే ఇవ్వమన్నాను. పనిలోకి వెళ్లే ముందురోజే గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టమన్నాను, తిరుమలలో తలనీలాలు ఇచ్చాను, ఆరోగ్యం బాగుంది అని. నేను చెప్పే అవకాశం లేకుండానే నా మీద కథ అల్లేశారు, తన మీద అల్లనివ్వకూడదు. కౌంటర్ నుంచి లోపలికి మారుస్తామంటే ఎందుకో నోటితో చెప్పించమన్నాను. ఊళ్లోవాళ్ల గురించి భయం లేదంది. అప్పుడు కాదు, ఆరునెలలు పోయాక అడుగుతారు, అత్తయ్యకి ముందే చెప్పి ఉంచు అన్నాను. వచ్చే నెలలో వెళ్తున్నారు, రైలు టికెట్లు కూడా తీసుకున్నారు. స్కార్ఫ్ కొరియర్‌లో పంపించాను.